తలుపు మీద అరచేయి

శ్రీమతికి,

మన కొత్త కారు రంగు కాపాడుకోవడం మీ తమ్ముడి షెడ్డులో నేర్చుకుంటున్నాను. గుడ్డ నేలమీద పడితే మళ్ళీ కారుకి తాకించకూడదట, ఇసుక రేణువైనా గీత పెడుతుందట. “బావా, మా అక్కకైనా ఇంత సేవ చేశావా?” అని వాడి ఎగతాళి.

మొన్న రంగు పైన అద్దంలాంటి గట్టి పూత వేశాం. ముందే శుభ్రంగా తుడవకపోతే, మరకేదైనా ఆ పూత కింద అలాగే ఉండిపోతుంది. అంతా తుడిచాను గానీ, నువ్వు ఆ దూరపు ఉద్యోగానికి బయల్దేరుతూ కారు తలుపు మీద ఆనించిన అరచేతి గుర్తు జోలికి పోలేదు. పూత ఆరాక వాడు చూసి, “రుద్దేద్దామా బావా?” అన్నాడు. వద్దన్నాను.

ఇక అది వానకి కూడా పోదు. సెలవు దొరకగానే వచ్చి చూసుకో. రోజూ నా చెయ్యి ఆనించి చూస్తున్నాను, అందులో ఇమడడం లేదు.