ఫ్యూజు నా జేబులో ఉంది

ఒరే బామ్మర్దీ,

కరెంటు పోలేదు. ఫ్యూజు నేనే పీకి, జేబులో వేసుకుని పనికి పోతున్నాను. కరెంటు ఆఫీసుకు ఫోన్ చేసి వాళ్లను తిట్టకు.

పొద్దున నిన్ను చూశాను. హీటర్ రాడ్డు ఆన్‌లో ఉండగానే, చెప్పుల్లేకుండా తడి నేల మీద నిలబడి, నీళ్లు కాగాయా అని బకెట్లో వేలు పెట్టబోయావు. నేను అరవకపోతే నీళ్లకంటే ముందు నువ్వే కాగేవాడివి. తెగిన వైరుకు గాయానికి వేసే ప్లాస్టరు చుట్టిన తెలివీ నీదే. సాయంత్రం కొత్త వైరు తెస్తాను. ఇకమీదట స్విచ్ ఆపి, ప్లగ్గు పీకి, ఆ తర్వాతే నీళ్లు ముట్టుకో.

మీ అక్క పోతూ నిన్ను నాకు అప్పగించింది. నాకంటే ముందు నువ్వు వెళ్లి ఆవిడకు కనిపిస్తే, వెనక వచ్చే నాకు తిట్లు తప్పవు. ముప్పై ఏళ్లు తిన్నాను, చాలు.

పొయ్యి మీద గిన్నెలో వేడినీళ్లు పెట్టాను. అందులో ఎన్ని వేళ్లయినా ముంచుకో.