సాలా?

బరంపురం

చిరంజీవి శుభేందుకి,

నేను నేర్పిన అక్షరాలు మరిచిపోలేదన్న నమ్మకంతో తెలుగులోనే రాస్తున్నాను. మొన్న భోజనం మధ్యలో విసురుగా లేచిపోయావు. అప్పటినుంచి చందన ఫోను చేస్తే తియ్యడం లేదట. పెళ్లి మాట ఏమవుతుందోనని నాకు కాలు నిలవడం లేదు.

పులుసు వడ్డిస్తూ మా చెల్లెలు బుల్లమ్మ “సాలా, బాబూ?” అంది. అది మీ ఒడియాలో బావమరిది అని తిట్టే సాలా కాదు నాయనా, “చాలా?” అని అడగడం. మా ఇళ్లలో చకారం సకారమే. నీకు అచ్చు పుస్తకాల తెలుగు నేర్పి, వంటింటి తెలుగు వదిలేశాను. నిన్ను మనవణ్ణి చేసుకుందామనుకున్నాం గాని బావమరిదిని కాదు.

“నానేటన్నానప్పా?” అంటూ బుల్లమ్మ గరిటెతో నా వెంటే తిరుగుతోంది.

ఆదివారం భోజనానికి రా. మళ్లీ “సాలా?” అనే అడుగుతుంది. “సాల్దు” అను.

చందన అమ్మమ్మ