పెద్దపిల్ల జడ

మిర్యాలగూడ

కోదాడలో ఉన్న వదిన పద్మమ్మకు నమస్కారాలు.

అన్నయ్యకు ఆయాసం తగ్గిందా? నీ మోకాళ్లు ఎట్లున్నాయి? నీ కోడలికి జ్వరం పోయిందా? ఫోన్‌లో మాట్లాడితే పిల్లలు వింటారని ఈ ఉత్తరం రాస్తున్నాను.

మీ బిడ్డ కళ్యాణి చనిపోయినప్పటి నుంచి మా కొడుకు వీరేందరే పిల్లలిద్దరికీ జడలు వేసి, బడికి పంపి, రైస్ మిల్లుకు పోతున్నాడు. "గట్టిగ గుంజిన్నా బిడ్డా?" అని అడుగుతూ వేసేవాడు. చిన్నదేమో "డాడీ, పాపిట సాగర్ కాలువ లెక్క వంకర పోయింది" అని ఎక్కిరించేది.

నెల రోజులైంది, పెద్దది అక్షయ వాడి ముందర కూర్చోవడం లేదు. జడ తనే వేసుకుంటుంది. అన్నం కూడా దూరంగా కూర్చుని తింటుంది. వాడు రోజూ నన్ను అడుగుతాడు. "అమ్మా, నేను కొట్టిన్నా, తిట్టిన్నా? నన్ను సూసి పిల్ల ఎందుకు పక్కకు జరుగుతది? ఆడపిల్లలను సాకుడు నాకు రాదమ్మా. ఇద్దర్ని హాస్టల్‌ల ఏస్త" అంటున్నాడు. పందొమ్మిదో తారీఖు సోమవారం హాస్టల్ కాగితాలు ఇచ్చి వస్తాడట.

వదినా, వాడి తప్పేమీ లేదు. అక్షయకు పన్నెండో ఏడు పడిందని, "పెద్దదానివైతున్నవ్, ఇగ మీ డాడీ పక్కన కూసోకు" అని నేనే చెప్పాను. మన చిన్నప్పుడు మనకూ ఇట్లనే చెప్పారు కదా. పిల్ల ఆ మాటను ఇంత గట్టిగా పట్టుకుంటుందని అనుకోలేదు. వాడి మొహం చూస్తే చెప్పడానికి నాకు నోరు రావడం లేదు. పిల్లలు హాస్టల్‌కు పోతే వాడు ఒక్కడే అయిపోతాడు.

నువ్వు పక్కన కూర్చుంటే వాడికి ఈ సంగతి నేనే చెప్తాను. పద్దెనిమిదో తారీఖు ఆదివారం, పొద్దటి బస్సుకే రా.