రంపం మీద నీళ్లు ఆపించింది ఎవరు

కోత రంపం మీద నీళ్లు పడకుండా ఆపించి మన రాతి పలకల కార్ఖానా ఓనరు నిన్ను చంపాడు నాయనా. నీళ్లు పడితే దుమ్ము లేవదు. కానీ తడిసిన పలకలు ఆరేదాకా లారీ కదలదు. అందుకే ఇరవై ఏళ్లు నీచేత ఆ రాతి దుమ్ము పీల్పించాడు. దాంతోనే నీ ఊపిరితిత్తులు పాడైపోయాయి.

నీ సంవత్సరీకం మరుసటి రోజు నిలదీస్తే, "మీ నాయనే నీళ్ల పైపు కట్టేసినాడు రా. మూతికి గుడ్డ గూడా కట్టుకోల్యా. నన్నేం చేయమంటావు?" అన్నాడు. తప్పు నీదేనట.

పాత లా పుస్తకం ఒకటి కొని చదివాను. ప్రమాదం ఉందని తెలిసీ పనివాణ్ణి కాపాడకపోతే, ఆ నష్టానికి పని చేయించినవాడే బాధ్యుడట.

ఇప్పుడు నీ రంపం మీద నేనే ఉన్నాను. నిన్న లారీ రాగానే, "పైపు కట్టేయ్ రా, పలకలు ఎప్పుడు ఆరాల?" అని ఓనరు అరిచాడు.

"మా నాయనకూ ఇట్లనే చెప్పినావా?"

"మరింకెట్ల చెప్తారు?"

పక్క రంపం మీదున్న ఓబులేసు మామ ఆ మాట విన్నాడు. "సాక్ష్యం నేను చెప్తా అల్లుడా" అన్నాడు.

ఈ రోజు ఓనరుకు నోటీసు ఇచ్చాను. ప్రతి రంపానికీ నీళ్లు వదలాలి. నీ చావుకు కారణం నువ్వు కాదు, తానేనని కాగితం మీద రాసివ్వాలి. పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే, నిన్న నేనడిగిన ప్రశ్నే కోర్టులో వకీలుతో అడిగిస్తాను.