ఆ మూల లోతెంత

జూలై 3

మా ఆవిడ ఈ రోజు నాకు కొత్త డ్యూటీ వేసింది. పొద్దున్నే వాళ్ల తమ్ముడి వెనకాల చెరువు పార్కుకి వెళ్లాలి. వెళ్లినట్టు వాడికి తెలియకూడదు. రిటైరైన బస్సు కండక్టరుకి సీఐడీ ఉద్యోగమన్నమాట.

భార్య పోయిన దగ్గర్నుంచి వాడు మా మేడమీద గదిలోనే ఉంటున్నాడు. కంట చుక్క రాలలేదు. గుండె నిబ్బరం గల మనిషని చుట్టాలందరూ మెచ్చుకున్నారు. ఏడ్చేవాడితో భయం లేదండీ, ఏడవనివాడితోనే భయం అని మా ఆవిడ అంది. రాత్రంతా పైన నడుస్తూనే ఉంటాడట. తెల్లారగానే నీళ్ల దగ్గరికి పోతాడు. ఆ నీళ్లే ఆమె బెంగ.

జూలై 4

వాకింగ్ ట్రాక్ అయిపోయాక, పెడల్ బోట్లు కట్టేసే చోటు కూడా దాటాక, కంచె లేని మూల ఒకటుంది. అక్కడి బెంచీ మీద కూర్చుని నీళ్లకేసి చూస్తున్నాడు. నేను చెట్టు చాటున నిలబడ్డాను. కాసేపటికి వెనక్కి తిరక్కుండానే, బావా, ఆ చెట్టుకి ఎర్రచీమలున్నాయి, వచ్చి ఇక్కడ కూర్చో, అన్నాడు. సీఐడీ ఉద్యోగం ఒక్క పూటలో ఊడింది.

పక్కన కూర్చుని పిట్టల్ని చూశాను. నీటికాకులు రెక్కలు ఆరబెట్టుకుంటున్నాయి. అటు గుర్రపుడెక్క దగ్గర ఓ బుడబుంగ తిరుగుతోంది. బుడుంగున మునిగి, మనం చూసే చోట కాక ఇంకెక్కడో తేలుతుంది. నా బస్సులో టికెట్టు లేని పాసింజర్లూ అంతే. ముందు తలుపు దగ్గర మాయమై వెనక సీట్లో తేలేవారు. పక్షుల గురించి నాకు తెలిసినదంతా సీట్ల మీద జనం మరిచిపోయిన పుస్తకాల పుణ్యమే. అదంతా వాడికి చెప్పాను. వాడు ఊ కూడా కొట్టలేదు.

జూలై 7

ఈ రోజూ మాట లేదు. ఇద్దరి వంతూ నేనే మాట్లాడాను.

జూలై 9

పార్కు గార్డుని అందరం ఈలాయన అంటాం. మెడలో ఈల, మాటల్లోనూ సగం ఈలే. నన్ను పక్కకి పిలిచాడు. మీవాడు పొద్దున నాతో మాట్లాడాడండీ, అన్నాడు. సంతోషించబోయాను. ఆ మూల లోతెంత అని అడిగాడట. అడుగున బురదా, ఇసుకా అని కూడా అడిగాడట.

ఇంటికొచ్చి చెప్పాను. మా ఆవిడ గిన్నె కడగడం ఆపి, ఎంతటా, అంది. నడుము దాకానట అన్నాను. బుద్ధి పుడితే నడుము లోతు చాలదా అండీ, అంది. కుళాయి కట్టడం మరిచిపోయింది. నేనే కట్టాను.

జూలై 10

అక్షరాలు కుదురుగా రావడం లేదు.

పొద్దున లేచేసరికి వాడు లేడు. బూజుకర్రా లేదు. పరుగున వెళ్లాను. గట్టు మీద చెప్పులు పక్కపక్కనే బుద్ధిగా విడిచి ఉన్నాయి. వాడు మొలలోతు నీళ్లలో లోపలికి నడుస్తున్నాడు. నా గొంతులోంచి ఏ పేరూ రాలేదు. సర్వీసంతా అరిచిన అరుపే వచ్చింది. హోల్డాన్! హోల్డాన్!

ఆగాడు. బూట్లతోనే దిగి చొక్కా పట్టుకున్నాను. వాడు నన్ను వింతగా చూసి, మెల్లగా బావా, గూడు కదులుతుంది, అన్నాడు.

గుర్రపుడెక్కలో తేలే గూడు. బుడబుంగ గుడ్లు. తల్లి మేతకి పోతూ తడి ఆకులు కప్పి పోయింది. రేపు డెక్క తీసే యంత్రం వస్తుందట. డ్రైవరుకి కనపడాలని బూజుకర్ర పాతి, ఎర్ర తువ్వాలు కడదామని వచ్చాడట. లోతు అడిగింది అందుకే.

చెప్పొచ్చు కదరా అని తిట్టాను. నువ్వు మాట్లాడ్డం ఆపితే కదా బావా, అన్నాడు.

కర్ర ఇద్దరం కలిసి పాతాం.

జూలై 11

యంత్రం వచ్చింది. డ్రైవరు తువ్వాలు చూసి, ఎవరిదండీ ఈ ప్లాటు, రిజిస్ట్రేషన్ అయిందా, అని నవ్వాడు. అయినా మంచివాడు. గూడున్న ముక్క వదిలి మిగతాదంతా శుభ్రంగా లాగేశాడు. మా ఆవిడ కబురు విని, పోనీలెండి, ఒక పని పెట్టుకున్నాడు, అంది.

జూలై 13

రాత్రి గాలివాన. పొద్దున కర్ర ఉంది, తువ్వాలుంది. గూడు లేదు. గుడ్లు ఎక్కడ జారిపోయాయో. బుడబుంగ కర్ర చుట్టూ తిరుగుతోంది.

వాడు చాలాసేపు చూశాడు. చుట్టూ ఉన్నదంతా తీసేస్తే అదొక్కటే ఎలా నిలుస్తుంది బావా, అన్నాడు. తర్వాత ఏమే అన్నాడు. ఇంట్లో పెళ్లాన్ని పిలిచే పిలుపు. ఏమే, ఏమే అంటూ బెంచీ మీంచి నేలకి జారి పెద్దగా ఏడ్చాడు. నడిచేవాళ్లు ఆగిపోయారు. ఈలాయన ఈల ఊదలేదు. చేతులు చాపి అందరినీ అటు తిప్పి పంపాడు.

నేనూ నేల మీదకి దిగాను. వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

జూలై 14, ఉదయం

రాత్రి పైన అడుగుల చప్పుడు లేదు. తెల్లారి ఎండెక్కింది. వాడు ఇంకా కిందికి దిగలేదు. మా ఆవిడ నాకేసి చూస్తోంది. నేను మెట్లకేసి చూస్తున్నాను.

అదే రోజు, కాసేపటికి

ఇద్దరం పైకెళ్లి తలుపుకి చెవి ఆనించాం.

గురక.

మా ఆవిడ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయింది. నేనూ కూర్చున్నాను. వింటున్నాం.