కట్ట మీద సైకిళ్లు మాత్రమే

బావా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. మడ అడవి పక్కన నిన్ను రొయ్యల వ్యాన్ గుద్దేసిన కరకట్ట మీద ఇప్పుడు సైకిళ్లు తప్ప ఏ బండీ వెళ్లకూడదు. అడ్డంగా ఇనప గడ్డర్లు పాతారు. పిట్టల్ని చూడ్డానికి విజయవాడ నుంచి టోపీలవాళ్లు వస్తున్నారు. వాళ్ల సైకిళ్ల పక్కన నాది ముత్తాతలా ఉంటుంది.

పొద్దున నేను వెళ్లేసరికి ఒక డ్రైవరు గడ్డరుకి తాడు కట్టి, వ్యాన్‌తో పీకేశాడు. చెరువులో రొయ్యలు పట్టారట, తొందరట.

"తప్పుకో బాబాయ్, ఐసు కరిగిపోద్ది."

"మా బావని గుద్దినోడూ ఇదే మాటన్నాడ్రా నాన్నా. కరగనీ."

సైకిల్ అడ్డం పెట్టాను. వాడు దాని మీంచే వ్యాన్ పోనిచ్చాడు. చక్రం అప్పడంలా విరిగింది. కిటికీలోంచి వాడి కాలర్ పట్టుకుంటే దిగి నా మూతి మీద గుద్దాడు. ఒక పన్ను రాలింది. విరిగిన సైకిల్ నుంచి ఊడిపడ్డ గాలి పంపు చేతికి దొరికింది. దాంతో వాడి ముక్కు పగలగొట్టాను. కింద పడ్డాక కూడా కొట్టాను. టోపీలవాళ్లు పట్టుకోకపోతే ఆగేవాణ్ని కాదు బావా. నీతో అబద్ధమెందుకు? వాళ్లే వాడి ముక్కుకి గుడ్డ కట్టి, వ్యాన్ వెనక్కి తిప్పించారు.

అక్కతో మాత్రం సైకిల్ మీంచి పడ్డానన్నాను.

"ఇంత రక్తం నీ ఒంట్లో ఎక్కడిదిరా?" అంది. చొక్కా విప్పించి, సబ్బు రుద్దుతూ, తలెత్తకుండా అడిగింది.

"వ్యాన్ వెనక్కెళ్లిందా?"

"వెళ్లిందక్కా."

బీరువాలోంచి నీ గళ్ల చొక్కా తీసిచ్చింది. పొట్ట దగ్గర గుండీ పట్టలేదు.