గోడ అవతలి లాట్వియన్

బుధవారం, 14 అక్టోబర్ 2009. క్యారీ, అమెరికా

మనసు కుదురుగా లేదు. పక్క అపార్ట్‌మెంట్ ఇల్జె ఆంటీ వాళ్లాయనకి పొద్దున గుండెనొప్పి వచ్చి హాస్పిటల్లో చేర్చారు. సాయంత్రం ఆవిడ బట్టల కోసం ఇంటికొస్తే, స్టోర్ నుంచి డజను గులాబీలు తెచ్చి ఇచ్చాను.

ఆవిడ థాంక్స్ చెప్పలేదు. తన భాషలో పెదాలు కదుపుతూ పూలు లెక్కపెట్టింది. ముఖం పాలిపోయింది. "మా లాట్వియన్లు సరిసంఖ్యలో పూలు పెట్టేది చనిపోయినవాళ్లకే" అంటూ ఒక పువ్వు లాగి నా చేతిలో పెట్టేసింది.

చదివింపులకి వంద కాదు, నూటపదహారు ఇచ్చే ఇంట్లో పుట్టి కూడా పూల లెక్కకీ శకునం ఉంటుందని నాకు తట్టలేదు! ఇక్కడ పూలు డజన్లలోనే కట్టి అమ్ముతారు, ఏం చేయను?

సారీ చెప్పబోతే ఆపింది. "మా అబ్బాయికి ఇంగ్లీషే వచ్చు. ఈ ఊళ్లో నాతో లాట్వియన్ మాట్లాడేది ఆయనొక్కరే" అని వెళ్లిపోయింది.

ఆ పన్నెండో పువ్వు తీసుకెళ్లి నా కార్లో పెట్టాను, ఇంకా అక్కడే ఉంది. పారేయడానికి చెయ్యి రాలేదు, ఇంట్లోకి తేవడానికీ రాలేదు. మా రూమ్మేట్ లావణ్యకి చెబితే, "పూలతోని ఏమైతదే పిచ్చిదానా, పండుకో" అంది.

నిద్రెక్కడిది? రోజూ ఈ గోడ అవతల వాళ్లిద్దరూ మాట్లాడుకుంటుంటే నాకు ఒక్క ముక్క అర్థం కాదు. ఆవిడ ఇందాకే హాస్పిటల్ నుంచి వచ్చింది. ఇప్పుడు అక్కడ ఫోన్ మోగుతోంది. ఇంగ్లీషైతే హాస్పిటల్ వాళ్లు. లాట్వియన్ అయితే ఆయనే.

ఎత్తింది.

దేవుడా, నాకు ఒక్క ముక్క కూడా అర్థం కాకూడదు.